సవరణ: ఆ ఇటుక టవర్లలో ల్యాబులు లేవు

ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ల రిచర్డ్స్ వైద్య పరిశోధన భవనం గురించి మొన్న రాస్తూ, కిటికీల్లేని ఎత్తైన ఇటుక టవర్లలోనే ల్యాబులుంటాయన్నాను. తప్పు. ఫొటో చూసి ఊహించేసుకున్నాను. తార్నాకలో ల్యాబ్‌లో పనిచేసే మా బాబాయి చదివి, "మరి ఆవిర్లు ఎటు పోతాయిరా?" అని నవ్వాడు. అప్పుడు ప్లాన్లు తీసి చూశాను.

ఆ టవర్లలో ఉన్నవి మెట్లు, ల్యాబుల్లోని చెడు గాలిని పైకి పంపే గొట్టాలు. ల్యాబులు వాటి పక్కనే, అద్దాల కిటికీల వెనక. పనిచేసే చోటునీ దానికి సేవచేసే చోటునీ వేరు చేయడమే ఇక్కడ దీన్ని డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ లూయీ కాన్ ఆలోచన. భవనం 1960 నాటికి సిద్ధమైంది. "లోపల ఎండ సమస్యే ఉండదు" అన్న నా మాటా కొట్టేయండి. ఎండ తట్టుకోలేక శాస్త్రవేత్తలు కిటికీలకు కాగితాలు అంటించుకున్నారట. మన మే నెలకైతే దుప్పట్లే కట్టాలి.