మామయ్య పాసయ్యాడు

మా మామయ్యకి చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తాడు. బెంగళూరు మారతహళ్లిలో బయటికొస్తే నా భుజం పట్టుకుంటాడు. కానీ ఎవరైనా చూస్తున్నారంటే చాలు, పెళ్లికొడుకు నడకే. "వైకల్యం కాలికి కాదురా, ఆయన పరువుకి" అంటుంది అత్తయ్య.

శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ వెళ్లినప్పుడల్లా అత్తయ్యకి టికెట్ డబ్బులు గుర్తొస్తాయి. తోడు లేకుండా ప్రయాణం చేయలేడని డాక్టరు రాసిస్తే స్లీపర్లో 75 శాతం తగ్గింపు. తోడెళ్లేవాళ్లకీ అంతే. వైకల్యం ఎంత శాతమో కొలిచి ఇచ్చే కార్డు కోసం పరీక్షకెళ్లమని పోరిపోరి ఆయన్ని ఒప్పించింది.

ముందురోజు రాత్రి లండన్ నుంచి కూతురు ఫోన్లో కోచింగిచ్చింది. అక్కడైతే 20 మీటర్లు నడవగలరా, తెలియని దారిలో ఒక్కరే వెళ్లగలరా అని చూసి పాయింట్లు వేస్తారట. ఒకసారి నడిస్తే సరిపోదు, మళ్లీమళ్లీ నడవగలగాలట. మనదగ్గర కొలిచేది కాలునే, దారిని కాదు. ట్రాఫిక్‌కి పేరుమోసిన సిల్క్‌బోర్డు జంక్షన్ దాటించి శాతం లెక్కేస్తే ఈ ఊళ్లో అందరికీ కార్డొస్తుంది!

ఆసుపత్రిలో లోపలికి పిలవగానే మామయ్య కర్ర నా చేతిలో పెట్టి, చొక్కా సర్దుకున్నాడు. డాక్టరమ్మది కూతురి వయసు. పాదం కింద చెయ్యిపెట్టి తొయ్యమంది. పళ్లు బిగించి తోశాడు. ఆమె కుర్చీ వెనక్కి జరిగింది.

"ఒబ్బరే హోగ్తీరా?" ఒక్కరే వెళ్తారా అని కన్నడంలో అడిగింది.

"ఒబ్బనే హోగ్తీని!"

నేను కర్ర కాస్త పైకెత్తి చూపించాను. గొడుగు చూపించినట్టు చూసిందామె.

వరండా మలుపు తిరిగామో లేదో, నా భుజం మీద బరువు పడింది. "కాసేపు ఆగరా" అని మెట్ల మీద కూలబడ్డాడు. అరగంట కూర్చున్నాం.

కొన్నాళ్లకి కార్డొచ్చింది. 35 శాతం. 40 ఉంటే పసుపు గీత, మాది తెల్ల గీత. రాయితీలకి లెక్కలోకి రాదు.

"35 అంటే మా రోజుల్లో పాసేనే" అన్నాడు మామయ్య.

అత్తయ్య ఏమీ అనలేదు. మర్నాడు కాకినాడకి ఒకే టికెట్ తీసింది, తన పేరున.

రాత్రి గోడ పట్టుకుంటూ మామయ్య నా గదిలోకొచ్చాడు.

"ఒరేయ్, నీకు శుక్రవారం సెలవు దొరుకుతుందా?"