లాయరు బీరువాలో పెడితే కాగితం మాయమైపోదు

“కేసు పడితే ఈ ఆరు సూత్రాలు” అనే వాట్సాప్ మెసేజు టెక్కలి నుంచి బొబ్బిలి దాకా ప్రతి గ్రూపులోనూ తిరుగుతోంది. పంపేవాళ్లంతా మన మేలు కోరేవాళ్లే. కానీ అందులో మొదటి సూత్రం నమ్మినవాడు కొత్త కేసు నెత్తిన వేసుకుంటాడు.

ఆ సూత్రం ఇది: “లాయరు దగ్గర పెట్టిన కాగితాన్నీ ఫోన్నీ ఎవరూ ముట్టుకోలేరు, కేసు పడగానే అన్నీ అక్కడికి చేర్చండి.” తప్పు. భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ యాక్టు స్థానంలో వచ్చిన చట్టం) 132వ సెక్షను కాపాడేది మీరు లాయరుకి చెప్పుకున్న మాటని, ఆయన మీకిచ్చిన సలహాని. కేసు ముగిశాక కూడా మీ అనుమతి లేకుండా ఆయన అది బయటపెట్టకూడదు. అంతకు ముందే పుట్టిన దస్తావేజు, పద్దు పుస్తకం, ఫోను ఆయన బీరువాలోకి వెళ్లినంత మాత్రాన “మాట” అయిపోవు.

2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. “మీ పార్టీ (కక్షిదారు) మీకేం చెప్పాడు” అని అడగడానికి లాయరుని స్టేషనుకి పిలవకూడదు. ఈ రక్షణకి 132లోనే ఉన్న మినహాయింపు వర్తిస్తుందని పిలవాలంటే ఆ వివరాలు సమన్లలోనే రాయాలి, ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కాగితాల సంగతి వేరు. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 94 కింద వాటిని కోర్టులో పెట్టమనొచ్చు. ఫోనయినా లాప్‌టాపయినా కోర్టుకే తేవాలి, పార్టీకి నోటీసిచ్చి అభ్యంతరాలు వినాలి, తెరిస్తే పార్టీ, లాయరు ఎదుటే తెరవాలి. పద్ధతి గట్టిదే గానీ, “ఎవరూ ముట్టుకోలేరు” అని ఎక్కడుంది?

పైగా ఉన్న రక్షణ మీదే సందేహం వస్తుంది. తన మీదే సాక్ష్యమయ్యే కాగితం తెమ్మని ముద్దాయికి సమన్లు ఇవ్వకూడదని శ్యామ్‌లాల్ చోక్సీ కేసులో 1964లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సోదా చేయొచ్చు, అది వేరు. కాగితం లాయరు చేతికి వెళ్తే మాత్రం, ఆయన ముద్దాయి కాదు కాబట్టి సమన్లకి ఆ అడ్డు లేదని వాదించే వీలుంటుంది.

మినహాయింపు అంటే ఏమిటో చట్టంలోని ఉదాహరణనే మన ఊరికి తెచ్చి చూడండి. పలాసలో జీడిపప్పు వ్యాపారి దగ్గర గుమస్తా సొమ్ము వాడేసుకున్నాడని కేసు. లాయరు మొదట చూసినప్పుడు పద్దు పుస్తకంలో ఆ తేదీ కింద ఖాళీ. రెండో వాయిదాకి అదే చోట ఆ సొమ్ము గుమస్తా పేరున ఖర్చు రాసి ఉంది. లాయరు కళ్లారా చూసిన ఈ మార్పుకి రక్షణ లేదు. “ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి” అన్న మాటకి ఉంది. “ఈ దొంగ దస్తావేజు మీద దావా వేయండి” అన్న మాటకి లేదు. సాక్ష్యం కాకుండా పోవాలని కాగితం దాచినా చించినా బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 241 కింద మరో కేసు. ఇలాంటి సలహా ముక్కూ మొహం తెలియని వందమందికి పంపడానికి చెయ్యెలా వస్తుంది?

మిగతావి త్వరగా చెప్పేస్తాను. లాయరు గుమస్తా వింటే రక్షణ పోతుందన్నది తప్పు. 132 ఆయన్నీ కట్టేస్తుంది. సంతకం లేని సాక్షి స్టేట్‌మెంటు చెల్లదన్నదీ తప్పే. పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంటు మీద సాక్షి సంతకం పెట్టకూడదని బీఎన్ఎస్ఎస్ 181వ సెక్షనే చెబుతోంది. దర్యాప్తు అధికారి రోజువారీ రాసే కేసు డైరీని సమాచార హక్కు కింద లాగేయమంటున్నారు. దాన్ని తెప్పించుకునే హక్కు ముద్దాయికి లేదని బీఎన్ఎస్ఎస్ 192 చెబుతోంది. పోలీసు అధికారి సాక్ష్యం చెబుతూ దాన్ని చూసి గుర్తు చేసుకుంటేనో, ఆయన మాట తప్పని చూపడానికి కోర్టు వాడితేనో ఆ భాగం చూడొచ్చు.

చార్జిషీటు కాపీలకి డబ్బు కట్టాలన్నది పచ్చి అబద్ధం. ముద్దాయి హాజరైన 14 రోజుల్లోపు ఉచితంగా ఇవ్వాలి, బీఎన్ఎస్ఎస్ 230. కాపీలు అందాయని సంతకం పెట్టే ముందు సాక్షుల జాబితా పక్కన పెట్టుకోండి. ఎల్‌డబ్ల్యూ 1 (జాబితాలో మొదటి సాక్షి) నుంచి చివరి దాకా ఒక్కొక్కరి స్టేట్‌మెంటు ఉందో లేదో, జిరాక్సులో అక్షరాలు చదవడానికి వస్తున్నాయో లేదో చూడండి. లేనివి ఏవో మెమో వేసి అడగండి. సంతకం పడ్డాక “నాకు రాలేదు” అంటే నమ్మించడం కష్టం.

ఆరోది, “పోలీసులు తమకి పనికొచ్చేవే ఇస్తారు, మిగతావి తొక్కేస్తారు.” ఈ కోపం న్యాయమైనదని ఒప్పుకుంటాను. పోలీసులు సేకరించి కూడా ఆధారంగా చూపని కాగితాల జాబితా ముద్దాయికి ఇవ్వాలని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పడానికి 2021 దాకా పట్టింది. 2022లో మనోజ్ కేసులో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. కానీ “మనమేం చేయలేం” అన్నది ఒప్పుకోను. జాబితా రాకపోతే పిటిషను వేసి అడగాలి. అది చేతికొచ్చాక బీఎన్ఎస్ఎస్ 94 కింద కావలసింది తెప్పించమనాలి. మామూలుగా అది మన సాక్ష్యం దశలోనే. తిరుగులేని కాగితం దాచేశారని చూపగలిగితే ఛార్జీలు వేసే ముందే వింటారు. “అన్ని కాగితాలూ ఇప్పించండి” అని రాస్తే నిలవదు. ఏ కాగితం, ఏ తేదీది, ఎవరి దగ్గరుంది, కేసులో దేన్ని తేలుస్తుంది, ఈ నాలుగూ రాయాలి. ఆ రాత్రి మీ బండి మడపాం టోల్‌గేటు దాటిందన్నదే మీ వాదన అయితే, ఫుటేజీ చెరిపేయకుండా ఉంచమన్న పిటిషను చార్జిషీటు దాకా ఆగకుండా మొదటి వారంలోనే పడాలి. కెమెరా పాత రికార్డు మీద కొత్తది ఎక్కించేసుకుంటుంది.