జెట్‌లో వేగం ఉంది, టైగర్ మాత్‌లో గాలి ఉంది

2024 డిసెంబర్‌లో హుస్సేన్‌సాగర్ మీద ఎయిర్‌ఫోర్స్ వాళ్ల సూర్యకిరణ్ టీమ్ ఎయిర్‌షో చేసిన రోజు ట్యాంక్‌బండ్ మీద తోసుకుంటూ నిలబడ్డ జనంలో నేనూ ఉన్నా. హాక్ జెట్లు రెక్క పక్కన రెక్క పెట్టుకుని నీళ్ల మీదుగా వచ్చేశాయి, ముందు విమానం కనిపించింది, చప్పుడు తర్వాత వచ్చింది, అది చెవుల్లో కాదు నేరుగా గుండె మీద పడింది. నా పక్కన వాళ్ల నాన్న భుజాల మీద కూర్చున్న ఐదారేళ్ల పాప రెండు చేతులూ చాపి "నేను కూడా, నేను కూడా" అని ఒకటే అరుపు. ఆ పాపని చూస్తే ఎంత ముచ్చటేసిందో, ఇంటికొచ్చాక అంత ఆలోచనా పట్టుకుంది, ఎందుకంటే ఎగరాలనే ఆశ పుట్టిన పిల్లలకి మనం చూపించేది రెండే, ఒకటి ఆ ఎయిర్‌ఫోర్స్ జెట్, రెండోది శంషాబాద్‌లో టికెట్ కొని ఎక్కే ఎయిర్‌బస్. ఈ రెండూ కాని ఎగరడం ఇంకోటి ఉందని, అసలు ఎగరడం అనేది మొదలైందే అక్కడని వాళ్లకి ఎవరూ చెప్పట్లేదు.

నాకూ చాలా ఆలస్యంగానే తెలిసింది. ఇంగ్లండ్‌లో మా చెల్లి వాళ్లింటికి వెళ్లినప్పుడు కేంబ్రిడ్జ్ దగ్గర డక్స్‌ఫర్డ్‌లో డబ్బులు కట్టి టైగర్ మాత్ అనే పాత చిన్న విమానం ఎక్కా. 1931లో మొదటిసారి ఎగిరిన డిజైన్, పైనొక రెక్క కిందొక రెక్క, ఒంటి మీద రేకు కాదు గుడ్డ, వేలితో తడితే డప్పులాగా మోగుతుంది. ఇంజిన్ 130 హార్స్‌పవర్, అంటే ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే కార్లు కొన్నిటికి అంతకంటే ఎక్కువే ఉంటుంది. స్టార్టర్ లేదు, ఒకాయన ముందు నిలబడి ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పితే స్టార్ట్ అవుతుంది. బ్రేకులు లేవు, తోక కింద చక్రం కూడా లేదు, ఒక ఇనప ముక్క గడ్డిలో గీసుకుంటూ పోతుంది. ప్యాసింజర్‌ని ముందు సీట్లో కూర్చోబెడతారు, పైలట్ వెనక, పెట్రోల్ ట్యాంక్ సరిగ్గా నా నెత్తి మీద పై రెక్క మధ్యలో.

పైకెళ్లాక పైలట్, విమానాన్ని వంచే స్టిక్ నా చేతికిచ్చాడు. నేను ఎడమ పక్కకి వంచా, రెక్కలైతే వంగాయి గానీ ముక్కు మాత్రం కుడి వైపుకి జరిగింది, అదే క్షణంలో నా ఎడమ చెంప మీద చల్లగాలి ఫట్‌మని కొట్టింది. హెడ్‌సెట్‌లో ఆయన నెమ్మదిగా ఎడమ కాలు నొక్కమన్నాడు, నొక్కా, చెంప మీద గాలి ఆగిపోయింది, విమానం గట్టు మీద నుంచి చెరువులోకి జారిన పడవలాగా మెత్తగా తిరిగింది. అంతే, అదే పాఠం. మీటర్ చూడక్కర్లేదు, కాలు సరిగ్గా పనిచెయ్యకపోతే గాలే వచ్చి చెంప మీద చెప్తుంది. అరగంట ఎగిరి దిగేసరికి ముఖం మొద్దుబారిపోయింది, వేళ్లు కొంకర్లు పోయాయి, కానీ చిన్నప్పటి నుంచి ఎక్కిన విమానాలన్నిటిలో కలిపి నాకు గాలి గురించి తెలిసిన దానికంటే ఆ ఒక్క మలుపులో తెలిసింది ఎక్కువ.

అలాగని జెట్‌ని తక్కువ చేసి మాట్లాడాలని కాదు, ఆ ఆనందం నూటికి నూరు పాళ్లు నిజం. కింద కింద ఎగిరేటప్పుడు ఫైటర్ జెట్ గంటకి 780 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుందాం, అంటే నిమిషానికి 13 కిలోమీటర్లు, బేగంపేట నుంచి దుండిగల్ ఒకటిన్నర నిమిషం చిల్లర. ఆ వేగంలో 4 జీ లాగి, అంటే ఒంటి బరువు నాలుగింతలయ్యేలా తిప్పినా మలుపు వ్యాసార్ధం కిలోమీటర్ దాటుతుంది, 6 జీ లాగితే 70 కిలోల మనిషి 420 కిలోల మనిషి అయిపోతాడు, తల, హెల్మెట్ కలిపి 6 కిలోలనుకుంటే మెడ మీద 36 కిలోల బరువు, కాళ్లలోకి దిగిపోయే రక్తాన్ని ఆపడానికి జీ సూట్ తొడల్ని పిండేస్తుంటుంది, ఇంత జరుగుతుంటే పైలట్ మాత్రం పక్క విమానం ఎక్కడుంది, ఇంధనం ఎంతుంది, వచ్చే నిమిషంలో నేనెక్కడుంటాను అని లెక్కలేసుకుంటూ ఉండాలి. మనసు విమానం కంటే ముందు పరిగెత్తాలి, వెనకబడితే అంతే సంగతులు. ఆ పరుగులో విమానం కంటే ముందుండడమే జెట్ పైలట్ ఆనందం, అది శిక్షణతో, ఒళ్లు హూనం చేసుకుని సంపాదించుకున్న ఆనందం. అందుకే వాళ్లంటే నాకు గౌరవం.

కానీ అక్కడ గాలికి, మనిషికి మధ్య చాలా అడ్డొచ్చేస్తాయి. మన తేజస్‌నే తీసుకోండి, దాన్ని కావాలనే నిలకడ లేకుండా డిజైన్ చేశారు, చురుగ్గా తిరగాలని, ప్రతి క్షణం కంప్యూటర్లు కంట్రోల్స్‌ని సర్దుతుంటేనే అది తిన్నగా నిలబడుతుంది. పైలట్ స్టిక్ కదిపాడంటే నాకిది కావాలి అని అడిగినట్టు, ఎలా చెయ్యాలో కంప్యూటర్ చూసుకుంటుంది. యుద్ధానికి అది అవసరం, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. టైగర్ మాత్‌లో అడగడం లేదు, తీగ లాగితే రెక్క చివర పలక కదులుతుంది, పలక మీద గాలి ఎంత తోస్తుందో అంత బరువు తిరిగి చేతికి వస్తుంది. గంటకి 130 కిలోమీటర్ల వేగంలో 45 డిగ్రీలు వంచితే 130, 140 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగేస్తుంది, ఊరి చెరువు గట్టు చుట్టూ తిరిగినట్టు, కింద గేదెలు తలెత్తి చూడడం కూడా కనిపిస్తుంది. ఇందులో ఉన్నది ఇప్పటి ఆనందం, జెట్‌లో ఉన్నది వచ్చే నిమిషం ఆనందం. నాకు ఈ తేడా చాలా పెద్దదనిపిస్తుంది.

రెండిటినీ చూసిన వాళ్లు మన ఊళ్లోనే ఉండేవాళ్లు. ఇద్రిస్ హసన్ లతీఫ్ హైదరాబాద్‌లో పుట్టినవాడు, 1942లో ఎయిర్‌ఫోర్స్‌లో చేరి కరాచీలో వాపిటీ, ఆడాక్స్ లాంటి రెండు రెక్కల విమానాల మీద మొదలుపెట్టాడు, ఎయిర్ చీఫ్ మార్షల్ అయ్యాడు, 1981లో రిటైర్ అయ్యే ముందు ధ్వని కంటే రెండున్నర రెట్లు దాటి పోగల మిగ్-25లో ఎగిరాడు. ఒక్క ఉద్యోగంలో అంత దూరం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లోనే మన బేగంపేటలో కుర్రాళ్లకి టైగర్ మాత్‌ల మీదే విమానం నేర్పేవాళ్లు, ఇవాళ ఆ గోడ పక్కన ట్రాఫిక్‌లో ఇరుక్కున్న వాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసంటారు?

జేఆర్డీ టాటా సంగతైతే నాకు తలచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. 1932 అక్టోబర్ 15న పుస్ మాత్ అనే చిన్న విమానంలో టపా వేసుకుని కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూకి వచ్చాడు, ఎయిర్ ఇండియాకి అదే విత్తనం. ఆ విత్తనం మహావృక్షమై జంబో జెట్లు కొన్నాక, సరిగ్గా 50 ఏళ్లకి 1982లో, 78 ఏళ్ల వయసులో మళ్లీ కరాచీ నుంచి బొంబాయికి తనే నడుపుకుంటూ వచ్చాడు, ఎందులో, లెపర్డ్ మాత్‌లో, నేనెక్కిన టైగర్ మాత్‌కి ఉన్న జిప్సీ మేజర్ ఇంజినే దానికీ. జెట్లు నడిపే కంపెనీని కట్టిన మనిషికి పండగ చేసుకోవాలనిపించినప్పుడు గుర్తొచ్చింది ఆ చిన్న విమానమే.

ఇదంతా పాతకాలం మీద మమకారమే అనుకునేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. 1983 జులైలో కెనడాలో ఒక బోయింగ్ 767, ఇంధనం కొలవడంలో కిలోలకి పౌండ్లకి తేడా వచ్చి, 41 వేల అడుగుల ఎత్తులో ఉండగా హెచ్చరికలు మొదలై, ఇంధనం అయిపోయి ఒకదాని తర్వాత ఒకటి రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ బాబ్ పియర్సన్ గిమ్లీ అనే పాత ఎయిర్‌బేస్ వైపు తిప్పాడు, తీరా దగ్గరికొచ్చేసరికి ఇంకా చాలా ఎత్తులో ఉన్నాడు, చుట్టూ తిరిగి రావడానికి ఇంజిన్ లేదు. అప్పుడాయన చేతిలోని కంట్రోల్ వీల్ ఒక వైపు తిప్పి, కాళ్లతో కదిపే తోక పలక రడ్డర్‌ని ఇంకో వైపు నొక్కి అంత పెద్ద విమానాన్ని అడ్డంగా జార్చుకుంటూ దించాడు. దాన్ని సైడ్‌స్లిప్ అంటారు, ఫ్లాప్స్, అంటే దిగేటప్పుడు రెక్కల వెనక దించే పలకలు, లేని టైగర్ మాత్ లాంటి వాటిలో ఎత్తు తగ్గించుకోవడానికి రోజూ చేసేదే, నా చెంప మీద కొట్టిన గాలి కూడా దాని చిన్న రూపమే. పియర్సన్ ఇంజిన్ లేని గ్లైడర్లు బాగా నడిపినవాడు, ఆ కాళ్లకి ఆ విద్య ముందే తెలుసు. విమానంలో ఉన్న 69 మందీ బతికారు.

మన దగ్గర నెమ్మదైన విమానం అనే ఈ మెట్టు దాటేస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2009 జులైలో, ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉన్న దుండిగల్ దగ్గర, మొదటి పాఠాలు నేర్పే ప్రొపెల్లర్ విమానం హెచ్‌పీటీ-32 కూలి ఇద్దరు పైలట్లు చనిపోయాక ఆ విమానాలన్నిటినీ ఆపేశారు, 2013లో దాని బదులు పిలాటస్ వచ్చేదాకా కొత్తగా చేరిన క్యాడెట్లు ఓనమాలు కూడా కిరణ్ జెట్ మీదే దిద్దాల్సి వచ్చింది. అంతకు ముందు దశాబ్దాల పాటు ఇంకో ఖాళీ, కిరణ్ నుంచి నేరుగా మిగ్-21కి, దిగేటప్పుడు కూడా గంటకి 300 కిలోమీటర్లు దాటి పరిగెత్తే విమానానికి, 2008లో హాక్ శిక్షణ జెట్ వచ్చేదాకా ఆ మధ్య మెట్టు లేదు. ఎంతమంది కుర్రాళ్లని పోగొట్టుకున్నామో, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్తుంటే టీవీ ముందు కూర్చుని నాకు కళ్లు తడిశాయి, ఆ విమానం మీద ప్రేమ ఒక పక్క, ఆ పిల్లల మీద బాధ ఇంకో పక్క.

నెమ్మదైన విమానం ప్రమాదం లేనిదని నేననట్లేదు, టైగర్ మాత్ కూడా చేతకాకపోతే గిర్రున తిరిగి కింద పడేస్తుంది, కాకపోతే దాని తప్పొప్పులు మనిషికి అర్థమయ్యే వేగంలో జరుగుతాయి.

మన ఫ్లైయింగ్ క్లబ్బుల్లో ఒకప్పుడు పుష్పక్ ఉండేది. 1958లో మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్ఏఎల్ చేసిన రెండు సీట్ల గుడ్డ విమానం, 90 హార్స్‌పవర్ ఇంజిన్, పేరు మన రామాయణంలోది, ఎంతోమంది పౌర పైలట్లు దాని మీదే నేర్చుకున్నారు. ఇప్పుడు ఎగిరే పుష్పక్‌ని చూడాలంటే ఎక్కడికెళ్లాలి? ఇవాళ ఫ్లైయింగ్ స్కూల్ అంటే లక్షలు లక్షలు పోసి లైసెన్స్ తెచ్చుకుని ఎయిర్‌లైన్‌లో చేరే దారి మాత్రమే, సరదాకి నేర్చుకోవడం, ఆదివారం పొద్దున ఒక గంట ఎగిరి రావడం అనే మాటే మన మధ్యతరగతి ఇళ్లలో లేదు. ఇంగ్లండ్‌లో నాలాంటి మామూలు మనిషి డబ్బులు కట్టి అరగంట ఎగరగలిగాడు, ఇక్కడ మన ఎయిర్‌ఫోర్స్ వాళ్లు 2012లో ఒక టైగర్ మాత్‌ని బాగు చేయించి మళ్లీ ఎగరేశారు, అంటే బతికించడం మనకి చేతకాక కాదు.

నగరం శివార్లలో నాదర్‌గుల్‌లో చిన్న రన్‌వే ఉంది. అక్కడ నెలకి ఒక్క ఆదివారం, ఎండ ఎక్కకముందే, ఒక పాత గుడ్డ విమానాన్ని బయటికి తీసి పిల్లల్ని దగ్గరికి రానివ్వాలి, రెక్కని తట్టి చూడనివ్వాలి, ట్యాంక్‌బండ్ మీద చేతులు చాపిన ఆ పాప లాంటి వాళ్లని ముందు సీట్లో బెల్ట్ బిగించి కూర్చోబెట్టి ఒక్క చుట్టు తిప్పి తీసుకురావాలి. స్టిక్ ఎడమ పక్కకి వంచగానే ఆ పాప ఎడమ చెంప మీద కూడా ఆ గాలి కొట్టాలి.