'వెరిఫై ఫెయిల్' అంటే చిప్ చచ్చినట్టు కాదు

ల్యాప్‌టాప్ బోర్డులు బాగుచేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. బయాస్ చిప్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్ ఉండే చిన్న ఫ్లాష్ మెమరీ) ప్రోగ్రామ్ చేయడానికి, అంటే అందులో ఫైలు రాయడానికి, 'అయిదు సూత్రాలు' అట. అది చెప్పేది క్లుప్తంగా ఇదీ: ఒకటి, రాసిన తర్వాత వెరిఫై ఫెయిల్ అయితే చిప్ పోయినట్టే, పారేయండి. రెండు, చదివినప్పుడు అంతా ఎఫ్ఎఫ్ (ఎనిమిది బిట్లూ 1గా ఉన్న బైటు) వస్తే చిప్ ఖాళీగా ఉన్నట్టు, నేరుగా రాసేయండి. మూడు, ఐడీ (చిప్ తన కంపెనీ, రకం చెప్పే కోడు) రాకపోయినా ఫర్వాలేదు, సైజు చూసి జాబితాలో ఏదో ఒకటి ఎంచుకోండి. నాలుగు, ప్రోగ్రామర్ (చిప్‌ను చదివే, రాసే పరికరం) ఇచ్చేది 3.3 వోల్టులే, భయం అక్కర్లేదు. అయిదు, అదే మోడల్ ఫైలు ఎక్కడ దొరికినా రాసుకోవచ్చు.

మా షాపులో కొత్తగా చేరిన కుర్రాడు దీన్ని అక్షరాలా పాటించాడు. నేను వచ్చేసరికి తల పట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, రెండు చిప్‌లూ పోయాయి. వెరిఫై ఫెయిల్ అంటోంది."

"రెండూనా? ఎక్కడ పెట్టావు?"

"చెత్త డబ్బాలో వేశాను."

ఏరి తెచ్చి ప్రోగ్రామర్ సాకెట్లో పెడితే రెండూ నిక్షేపంలా ఉన్నాయి. ఒకటి ఆ ల్యాప్‌టాప్‌దే, రెండోది పాత స్క్రాప్ బోర్డు నుంచి పీకింది. వాటికి ఏమైందో చెబితే మొదటి సూత్రం సంగతి చాలావరకు తేలిపోతుంది.

వెరిఫై చేసే పని చాలా చిన్నది. చిప్‌ను మళ్లీ చదువుతుంది, చదివిన దాన్ని ఫైలుతో పోలుస్తుంది, తేడా కనిపిస్తే ఆగిపోతుంది. తప్పు చిప్‌లో ఉందా, మధ్యలోని క్లిప్పులో (బోర్డు మీదే చిప్ కాళ్లను పట్టుకునేది), తీగలో, కరెంటులో ఉందా అన్నది దానికి తెలియదు. క్లిప్పు చేసిన తప్పుకు చిప్‌ను పారేయడం అత్త మీది కోపం దుత్త మీద చూపడమే. చాలా సాఫ్ట్‌వేర్లు ఏ అడ్రసులో తేడా వచ్చిందో, ఫైలులో ఏముందో, చిప్‌లో ఏముందో కూడా చూపిస్తాయి. మనవాళ్లు ఎర్ర అక్షరాలు చూడగానే ఆ కిటికీ మూసేస్తారు. అసలు సమాధానం ఉండేది అందులోనే.

మొదటి చిప్‌లో ఒకచోట ఫైలులో 73 ఉంటే చిప్‌లో 63 ఉంది (ఇవన్నీ హెక్స్, అంటే 16 ఆధారంగా రాసే అంకెలు). ఫ్లాష్ చిప్‌లో ఎరేజ్ అంటే ప్రతి బిట్‌నూ 1 చేయడం. రాయడం అంటే అవసరమైన చోట 1ని 0 చేయడం. రాత ద్వారా 0 తిరిగి 1 కాదు, అందుకు ఎరేజ్ ఒక్కటే దారి. ఇప్పుడు లెక్క చూడండి. పాత బైటు 6బీ అనుకుందాం, అంటే 01101011. దాని మీద 73, అంటే 01110011 రాశాం. రెండింటిలోనూ 1 ఉన్నచోటే 1 మిగులుతుంది: 01100011. అదే 63. వాకిట్లో నీళ్లు చల్లకుండా నిన్నటి ముగ్గు మీదే ఇవాళ్టి ముగ్గు పెట్టినట్టు. చిప్ తనకు చెప్పిన పని తప్పు లేకుండా చేసింది. కుర్రాడు 'చిప్ ఖాళీ' అని నమ్మి ఎరేజ్ నొక్కలేదు, అంతే.

రెండో చిప్ కథ వేరు. ఎరేజ్ కొట్టాడు, రాశాడు, అయినా లోపల ఒక్క బైటు మారలేదు. వెరిఫైలో చిప్ వైపు కనిపించినదంతా పాత బోర్డు బయాసే. ఇలాంటప్పుడు చూడవలసింది స్టేటస్ రిజిస్టర్, అంటే చిప్ తన స్థితినీ తాళాలనూ దాచుకునే చిన్న గడి. చదివితే 1సీ వచ్చింది, అంటే 2, 3, 4 బిట్లు 1గా ఉన్నాయి. విన్‌బాండ్ 25క్యూ64 రకాల్లో ఆ మూడూ రక్షణ బిట్లు. మూడూ 1 అయితే మొత్తం చిప్‌కు తాళం పడ్డట్టే. కరెంటు తీసినా ఆ బిట్లు పోవు కనుక పాత బోర్డు వేసిన తాళం చిప్‌తో పాటే మన బల్ల మీదికి వచ్చింది. రిజిస్టర్‌లో 00 రాసి, మళ్లీ ఎరేజ్ చేసి రాస్తే మొదటిసారికే వెరిఫై అయింది. రిజిస్టర్ కూడా మారనని మొరాయిస్తే మూడో పిన్ను, అంటే రైట్ ప్రొటెక్ట్, గ్రౌండ్‌కు కలిసి ఉందేమో చూడాలి. ఇంకో గుర్తు కూడా ఉంది. నిండా డేటా ఉన్న 8 మెగాబైట్ల చిప్ ఎరేజ్ కావడానికి పదుల సెకన్లు పట్టవచ్చు. రెప్పపాటులో 'పూర్తయింది' అని వస్తే సంతోషించకండి. చాలాసార్లు చిప్ ఆ ఆజ్ఞను పట్టించుకోలేదనే అర్థం.

ఇక మూడో రకం. ఏమీ రాయకుండా వెరిఫై ఒక్కటే మూడుసార్లు నొక్కండి. తేడా వచ్చే అడ్రసు ప్రతిసారీ మారుతుంటే చదవడంలోనే లోపం ఉంది. క్లిప్పు పళ్లు, పొడవాటి తీగ, చిప్ కాళ్ల మీద పేరుకున్న ఫ్లక్స్ (టంకం వేసేటప్పుడు వాడే జిగురు పదార్థం), ఈ మూడింటినీ ముందు అనుమానించాలి.

చిప్‌లు అసలు చావవని నేను అనడం లేదు. బోర్డు నుంచి తీసి సాకెట్లో పెట్టి, తాళం లేదని చూసుకుని, ఎరేజ్ చేసిన తర్వాత కూడా ప్రతిసారీ అదే అడ్రసులో అదే బిట్ 0గా మిగిలితే ఆ చిప్ పని అయిపోయినట్టే. అప్పుడు నిక్షేపంగా పారేయండి. డేటాషీట్ ప్రకారం ఈ చిప్‌లు లక్ష ఎరేజ్‌లకు తట్టుకోవాలి. బయాస్ అప్‌డేట్‌లతో ఒక ల్యాప్‌టాప్ ఆ అంకె దరిదాపులకు కూడా వెళ్లదు.

రెండో సూత్రం నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరం. ఖాళీ చిప్ చదివితే ఎఫ్ఎఫ్ వస్తుంది, నిజమే. కానీ క్లిప్పు సరిగ్గా తగలకపోయినా వచ్చేది తరచుగా ఎఫ్ఎఫే. డేటా లైను మీద ఎవరూ మాట్లాడకపోతే అది పైస్థాయిలో నిలిచిపోతుంది, ప్రోగ్రామర్ దాన్ని వరసగా 1లుగా చదువుకుంటుంది. మౌనాన్ని అంగీకారంగా తీసుకున్నట్టు, పలకని చిప్‌ను ఖాళీ చిప్ అనుకుంటున్నాం. నిన్నటిదాకా విండోస్ నడిచిన ల్యాప్‌టాప్‌లో బయాస్ చిప్ ఖాళీగా ఎలా ఉంటుందన్న ప్రశ్న అయినా రావాలి కదా!

తేల్చుకోవడం సులువు. ముందు ఐడీ అడగాలి. ఈఎఫ్ 40 17 లాంటి జవాబు నిలకడగా వచ్చి, డేటా మాత్రం ఎఫ్ఎఫ్ అయితే చిప్ నిజంగా ఖాళీ. ఐడీ కూడా ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ అయితే అవతల ఎవరూ లేరు. బోర్డు మీదే చదువుతున్నప్పుడు ఛార్జరు, బ్యాటరీ, నాణెం బ్యాటరీ మూడూ తీయండి. అయినా ఇబ్బందే అయితే, క్లిప్పు ఇచ్చే కరెంటును పక్కనున్న సర్క్యూట్ అంతా తాగేస్తోందేమో ఎనిమిదో పిన్ను దగ్గర మీటరు పెట్టి చూడండి. 3.3 వోల్టుల రకానికి అది 2.7 వోల్టుల కంటే తగ్గితే ఆ చిప్ నుంచి సరైన జవాబు ఆశించడం అన్యాయం. వేడిగాలితో చిప్ ఊడదీయడానికి రెండు నిమిషాలు, క్లిప్పుతో కుస్తీకి రెండు గంటలు. చిప్ పలికాక కూడా రెండుసార్లు చదివి రెండు ఫైళ్ల చెక్‌సమ్ (ఫైలులోని డేటా మొత్తం నుంచి లెక్కగట్టే అంకె) పోల్చాలి. కలవకపోతే ఎరేజ్ బటన్ జోలికి వెళ్లకూడదు. ఇంటెల్ బోర్డు పూర్తి డంప్‌కు (చిప్ నుంచి చదివి దాచుకున్న ఫైలుకు) ఇంకో ఆనవాలు ఉంది: హెక్స్‌లో 10వ అడ్రసు దగ్గర సాధారణంగా 5ఏ ఏ5 ఎఫ్0 0ఎఫ్ కనిపిస్తుంది.

మూడో సూత్రానికి ఒక్క ఉదాహరణ చాలు. డబ్ల్యూ25క్యూ64ఎఫ్‌వీ, డబ్ల్యూ25క్యూ64ఎఫ్‌డబ్ల్యూ. రెండూ 8 మెగాబైట్లే (పేరులోని 64 మెగాబిట్లు, కొత్తవాళ్లు ఇక్కడ కూడా పడతారు). చివరి అక్షరం ఒక్కటే తేడా. మొదటిది 2.7 నుంచి 3.6 వోల్టులది, రెండోది 1.65 నుంచి 1.95 వోల్టులది. దాని ఐడీ ఈఎఫ్ 60 17. చిప్ మీది అక్షరాలు భూతద్దంతో చదివి, డేటాషీట్ చూసి, 1.8 వోల్టుల అడాప్టర్ పెట్టిన తర్వాతే ఐడీ అడగాలి. సైజు చూసి ఎంచుకునేవాడు దాన్ని 3.3లో పెట్టి కాల్చేయవచ్చు, ఆ తర్వాత వెరిఫై ఫెయిల్ అయితే మొదటి సూత్రం నిజమేనని నమ్ముతాడు.

నాలుగోది సగం నిజం. సీహెచ్341ఏ అనే చిప్‌తో వచ్చే పాత రకం నల్ల ప్రోగ్రామర్ సాకెట్లో ఎనిమిదో పిన్ను మీద మీటరు పెడితే 3.3 చూపిస్తుంది. అదే మీటరును ఒకటో పిన్ను, చిప్ సెలెక్ట్ మీద పెట్టండి. 5కు దగ్గరగా ఉంటుంది. కరెంటు 3.3, సంకేతాలు 5. ఎఫ్‌వీ డేటాషీట్ ఏ పిన్ను మీదైనా వోల్టేజీ సరఫరా కంటే 0.4 వోల్టులకు మించి ఎక్కువ ఉండకూడదని చెబుతోంది. చాలా చిప్‌లు ఆ దెబ్బను ఓర్చుకుంటాయి, అందుకే ఈ అపోహ బతికి ఉంది. వోల్టేజీ మార్చుకునే స్విచ్చు ఉన్న కొత్త రకం కొనుక్కోండి, కొన్నాక దాన్ని కూడా మీటరుతో చూడండి.

అయిదోది ల్యాప్‌టాప్‌ను లేపుతుంది, కాదనను. కానీ ఆ చిప్‌లో ఉండేది బయాస్ ఒక్కటే కాదు. యంత్రం సీరియల్ నంబరు, చాలా కంపెనీల యంత్రాల్లో విండోస్ కీ, కొన్ని బోర్డుల్లో నెట్‌వర్క్ మ్యాక్ అడ్రసు కూడా అక్కడే ఉంటాయి. ఇంటెల్ ఎంఈ (మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే అనుబంధ నియంత్రణ వ్యవస్థ) భాగం పాడైతే, కొన్ని తరాల బోర్డులు ఆన్ అయిన 30 నిమిషాలకు వాటంతట అవే ఆగిపోతాయి. కంపెనీ సైటులో దొరికే అప్‌డేట్ ఫైలు తరచుగా చిప్ మొత్తానికి సరిపడే ఫైలు కాదు, ముందు అదనపు హెడర్ (ఫైలు వివరాలుండే భాగం) కూడా ఉంటుంది. దాన్ని సున్నా అడ్రసు నుంచి రాస్తే వెరిఫై చక్కగా పాస్ అవుతుంది, ల్యాప్‌టాప్ మాత్రం లేవదు. సరైన దారి ఏమిటంటే, పాత డంప్ తీసుకుని, అందులో చెడిన భాగాన్ని మాత్రమే మంచి ఫైలుతో మార్చి, మిగతాది అలాగే ఉంచడం.

మా కుర్రాడు రాయడానికి ముందు డంప్ తీశాడు, ఆ మేరకు మెచ్చుకోవాలి. తెరిచి చూస్తే మొదటి నుంచి చివరిదాకా ఎఫ్ఎఫ్‌లే. అసలు డేటా మీద కొత్త రాత పడిపోయింది. ఆ ల్యాప్‌టాప్ సీరియల్ నంబరును అడుగున సగం చెరిగిన స్టిక్కర్ మీద టార్చి వేసి చదివి, చేత్తో ఎక్కించవలసి వచ్చింది.