తాడి మీద మర్రి మొక్క

మా కార్యాలయంలోని పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పాత బిల్లింగ్ అప్లికేషన్‌ను, అదే భాషకు చెందిన లారవెల్ 5.8 అనే ఫ్రేమ్‌వర్క్ (సిద్ధంగా దొరికే కోడ్ చట్రం)లోకి ‘క్రమంగా’ తరలించాలని 2019 మార్చిలో తీర్మానించాం. ఆ తీర్మానం నేటికీ అమలులోనే ఉన్నది. దానిని చూసి నవ్వేవారికి ‘క్రమంగా’ అన్న మాటలోని లోతు తెలియదని సవినయంగా మనవి చేస్తున్నాను.

తొందరపడవలసిన కారణాలు లేకపోలేదు. పాతది నడిచే పీహెచ్‌పీ 5.6కు భద్రతా సవరణలు 2018 డిసెంబరు 31తో ఆగిపోయాయి. మా అప్లికేషన్ డేటాబేస్‌తో మాట్లాడే మైఎస్‌క్యూఎల్_క్వెరీ ఫంక్షన్‌నైతే 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7లోనే తీసివేశారు. కనుక పాతదానికి పాత సర్వరు, కొత్తదానికి కొత్త సర్వరు పెట్టి, రెంటికీ అద్దె కడుతున్నాం.

ఈ తరహా తరలింపుకు సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2004లో ఒక చెట్టు పేరు పెట్టాడు. మరో చెట్టు కొమ్మల్లో మొలిచి, వేళ్లను నేలకు దించి, చివరకు ఆ చెట్టునే మింగివేసే మర్రిజాతి వృక్షం అది. మన ఊళ్లలో తాటిచెట్టును చుట్టుకున్న మర్రిని చూసినవారికి వేరే వివరణ అక్కరలేదు. బ్రౌజర్ నుంచి వచ్చిన ప్రతి అభ్యర్థననూ ముందుగా కొత్త అప్లికేషన్‌లో దారి చూపే రౌటర్ అందుకొని, తనకు తెలిసిన చిరునామా అయితే కొత్త కోడ్‌లోని కంట్రోలర్‌కు పంపాలి, తెలియనిదైతే పాత ఫైలుకు వదిలివేయాలి. ఇన్నేళ్లలో మా రౌటర్ ‘మా గురించి’, ‘సంప్రదించండి’, ‘లాగిన్’ అనే మూడు చిరునామాలు నేర్చుకొని, తక్కిన సమస్తాన్నీ వినయంగా తాడికే అప్పగిస్తున్నది. కొత్త సెషన్‌ను, అంటే లాగిన్ అయినట్టు ఉంచుకునే గుర్తును, పాతది గుర్తించదు కాబట్టి, కొత్త లాగిన్ దాటినవారికి పాత లాగిన్ ఎదురవుతుంది. దీనిని మేము రెండంచెల భద్రత అంటున్నాం.

ఈలోగా లారవెల్ 5.8కే కాలం చెల్లింది. కొత్తదానిని మరింత కొత్తదానిలోకి, అదీ క్రమంగానే, తరలించడానికి ఒక ఉపసంఘాన్ని వేశాం.

నిజానికి గౌరవం దక్కవలసింది పాత అప్లికేషన్‌లోని ఫంక్షన్స్.పీహెచ్‌పీ అనే ఫైలుకు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినా, అందులో పన్ను లెక్కకట్టే ఫంక్షన్ పేరు ఇప్పటికీ కాలిక్_వ్యాట్. మోడల్ (డేటా చూసేది), వ్యూ (తెరపై చూపేది), కంట్రోలర్ (రెంటినీ నడిపేది) వేరు కాపురాలు పెట్టాలని ఎంవీసీ అనే పద్ధతి బోధిస్తుంది. ఇక్కడ ముగ్గురిదీ ఉమ్మడి కుటుంబం. డేటాబేస్‌ను అడిగేదీ, పన్నును కేంద్రం వాటా సీజీఎస్టీగా, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీగా విడదీసేదీ, చివరకు రసీదు పట్టికకు గళ్లు గీసేదీ ఆ ఒక్క ఫంక్షనే.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు చాలావరకు రద్దయినప్పుడు ఈ కుటుంబం విలువ తెలిసివచ్చింది. కొత్త వ్యవస్థలో పన్ను రేట్లన్నీ ఒకే టేబుల్‌లో ఉంటాయి, ఒక్క వరుస మారిస్తే సరిపోతుంది. అయితే ఆ టేబుల్‌ను చదవవలసిన ఇన్వాయిస్ మాడ్యూల్ ఇంకా తరలిరాలేదు. పాతదానిలో 12 అన్న అంకె ఎన్ని చోట్ల ఉన్నదో తెలిసినవాడు ఉద్యోగం మానివేసి చాలాకాలమైంది. అందుచేత మా కుర్రవాడొకడు ముందురోజు ఆదివారం రాత్రి కూర్చుని, ఫైండ్ అండ్ రీప్లేస్‌తో 12 కనిపించిన ప్రతిచోటా 5 పెట్టాడు. అక్టోబరు, నవంబరు నెలలు ప్రశాంతంగా గడిచాయి. డిసెంబరులో ఇచ్చిన రసీదులన్నీ మే నెల లెక్కల్లో పడ్డాయి.

ఆడిటరుగారు ఫోన్ చేసినప్పుడు, నెలలను కూడా క్రమంగానే తరలిస్తున్నామని చెప్పాం.