‘ముప్పై దాటాక కథ రాయడం రాదు’ అన్న మాటకు జవాబు

ఒక సందేశం ఈ మధ్య ఫోనుల్లో తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: రచన పుట్టుకతో రావాలి, మన శాస్త్రాలూ అదే చెప్పాయి. ముప్పై లోపు కలం పట్టనివాళ్లు తర్వాత పట్టినా ప్రయోజనం లేదు, అప్పటికి భాష గట్టిపడిపోతుంది. అసలైన రచన ఒక్క ఊపులో వస్తుంది. శిక్షణ పొందినవాళ్లంతా ఒకే అచ్చులో రాస్తారు. పెద్ద వయసులో కథలు నేర్చుకుంటున్నవాళ్లతో కలిసి కూర్చుని, వాళ్ల రాతప్రతులు చదివే మనిషిని కాబట్టి దీన్ని చూసీ చూడనట్టు వదిలేయలేను. ఇది నమ్మి ఒక్కరు రాయడం మానుకున్నా నష్టమే.

ముందు శాస్త్రం సంగతి. సహజమైన ప్రతిభ, నిర్మలమైన పాండిత్యం, ఎడతెగని అభ్యాసం కావ్యానికి కారణాలని సంస్కృత కావ్యశాస్త్రకారుడు దండి ‘కావ్యాదర్శం’లో చెప్పాడు. సందేశం రాసినవారు అక్కడ మొదటి మాట దగ్గరే ఆగిపోయారు. దండి ఆగలేదు. పూర్వవాసన, అంటే వెనకటి జన్మల సంస్కారం, వల్ల వచ్చే ప్రతిభ లేకపోయినా, చదువుతోనూ ప్రయత్నంతోనూ కొలిచినవారిని వాగ్దేవి ఎంతో కొంత అనుగ్రహించి తీరుతుందని ఆ వెంటనే అన్నాడు. ‘కావ్యప్రకాశం’ రాసిన మమ్మటుడైతే కావ్యం తెలిసినవారి దగ్గర శిక్షణ పొంది చేసే అభ్యాసాన్ని కావ్యహేతువుల్లో చేర్చాడు. ప్రతిభ అక్కర్లేదని వాళ్లనలేదు, నేనూ అనను. ప్రతిభ ఉన్నవాళ్లకే నేర్చుకునే హక్కు ఉందని మాత్రం వాళ్లెక్కడా చెప్పలేదు.

వయసు మాటకొస్తే, గురజాడ 1862లో పుట్టారు. ‘దిద్దుబాటు’ కథ అచ్చయింది 1910లో. అప్పటికే ఆయన పేరున్న నాటకకర్త కదా అనవచ్చు. నిజమే, కానీ కథానిక ఆయన చేతికి కొత్త. ఉన్నవ లక్ష్మీనారాయణ 1877లో పుట్టి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లి, అక్కడ రాసిన ‘మాలపల్లి’ నవల 1922లో వెలువడింది. ఇంగ్లండులో పెనెలొపీ ఫిట్జెరాల్డ్ తొలి నవల అరవయ్యో ఏట, 1977లో వచ్చింది. మరో రెండేళ్లకు ఆమెకు బుకర్ బహుమతి దక్కింది.

నాకు వీళ్లందరికన్నా అమెరికా రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ ముఖ్యం, ఎందుకంటే ఆమె నేర్చుకున్న దారి కళ్లకు కనిపిస్తుంది. నలభై నాలుగేళ్ల వయసులో ఒక వ్యవసాయ పత్రికకు చిన్న చిన్న వ్యాసాలు రాయడం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి రాశారు. తర్వాత తన జీవితకథ రాసి పంపితే ప్రచురణకర్తలు తిరగ్గొట్టారు. కూతురి సలహాలతో, దిద్దుబాట్లతో ఆ సరుకునే పిల్లల నవలగా మలిచారు. అది 1932లో, ఆమె అరవై అయిదో ఏట వచ్చింది.

ముప్పై లోపు రాయనివాళ్లకు మనసు లేదనుకోవడం అన్యాయం కూడా. పెళ్లి, పురుళ్లు, అత్తమామల మందులు, పిల్లల పరీక్షలు అన్నీ దాటి యాభైలో నోటుపుస్తకం కొనుక్కున్న ఆడవాళ్లను అడగండి, అంతవరకు ఎందుకు రాయలేదో చెబుతారు.

భాష గట్టిపడుతుందన్న మాటలో కొంత నిజముంది. ఇరవై ముప్పై ఏళ్లు ఫైళ్లు రాసిన చెయ్యి కథలోనూ ఫైలే రాస్తుంది. ఒక విశ్రాంత ఉద్యోగి తన కథలో ఇలా రాశారు: “తండ్రి మరణవార్త తెలియజేయబడగా రంగయ్య తీవ్ర విచారమునకు లోనయ్యెను.” వార్త వచ్చినప్పుడు రంగయ్య ఏం చేస్తున్నాడని అడిగాం. ఆయన కాసేపు ఆలోచించి, ఎద్దును కట్టేస్తున్నాడన్నారు. మళ్లీ రాసుకొచ్చింది ఇదీ: “రంగయ్య పలుపు వదల్లేదు. ‘ఎప్పుడు?’ అని మాత్రం అడిగాడు. ఎద్దును కట్టేసి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.” ఆ ఎద్దు, ఆ మెట్టు ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అవి కథలోకి రావచ్చని ఎవరూ చెప్పలేదంతే.

ఇంకో రాతప్రతిలో సావిత్రమ్మ వంటింట్లో నిలబడి హాల్లో మాటలు వింటోంది. తర్వాతి వాక్యం, “కొడుకు సిగ్గుతో ముఖం దించుకున్నాడు.” గోడ అవతలి ముఖం ఆమెకెలా కనిపించింది? రాసినామె ఆ వాక్యం కొట్టేసి, “కొడుకు గొంతు వినిపించలేదు. కుర్చీ జరిగిన చప్పుడైంది” అని రాశారు. తల్లి ఆందోళన ఒక్కసారిగా పాఠకుడిదైపోయింది. దీన్నే దృష్టికోణం అంటారు. చెబితే తెలుస్తుంది, సాధన చేస్తే పట్టుబడుతుంది. ‘యజ్ఞం’ రాసిన కాళీపట్నం రామారావు మాస్టారు వృత్తిరీత్యా బడిపంతులు. కథ ఎలా రాయాలో కొత్తవాళ్లకు చెప్పడానికి ‘కథాకథనం’ అని ఒక పుస్తకమే రాశారు. చెబితే వచ్చేది కాదనుకుంటే ఆయనంతటి మనిషి ఆ శ్రమ పడేవారా?

‘ఒక్క ఊపు’ సంగతికి ‘కన్యాశుల్కం’ చాలు. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చువేశారు. అంత పేరొచ్చిన నాటకాన్ని గురజాడ అలాగే ఉంచలేదు. మళ్లీ చేపట్టి, పెంచి, దాదాపు కొత్తగా రాసి 1909లో తెచ్చారు. మనం గుండెకు హత్తుకున్న మధురవాణి ప్రధానంగా ఆ రెండో కూర్పులోని మధురవాణే. దిద్దితే రచన చచ్చిపోయేటట్లయితే ఆ నాటకం ఎప్పుడో పోయి ఉండాలి.

చివరిది, ఒకే అచ్చు అన్న ఆరోపణ. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం ‘రైటర్స్ వర్క్‌షాప్’ అనే రచనాశిక్షణ కార్యక్రమాన్ని 1936లో మొదలుపెట్టింది. కథారచయిత్రి ఫ్లానరీ ఓకానర్ అక్కడే చదివారు. తర్వాత కథకుడు రేమండ్ కార్వర్ కూడా కొంతకాలం చదివారు. ఆమె దక్షిణాది పల్లెల్లో పాపం, దైవానుగ్రహం గురించి రాస్తే, ఆయన ఉద్యోగాలు ఊడిన, తాగుడుకు చిక్కిన మామూలు కాపురాల గురించి రాశారు. చెరొక పేజీ చదివినా ఒకరిని మరొకరనుకోవడం అసాధ్యం. కథలు ఒకేలా ఉండటం మన దగ్గరా ఉంది, కాదనను. నేను చూసినంతవరకు అది ఎక్కువగా శిక్షణ లేనివాళ్లలోనే కనిపించింది. పోటీలో నెగ్గిన కథలు నాలుగు చదివి, అలా రాస్తేనే బహుమతి వస్తుందని నమ్మి, తమ ఊరినీ తమ వీధి మాటనూ ఇంటి దగ్గరే వదిలేసి వచ్చినవాళ్లు వాళ్లు.