పోర్టుకు చందనం

విశాఖపట్నంలో పోర్టు అనగానే ఎవరికైనా ఓడలు, క్రేన్లు, మేడల మీద ఆరేసిన బట్టలకు అంటుకునే బొగ్గుధూళి గుర్తుకు వస్తాయి. సిరిపురం దగ్గర నేను పనిచేసే కార్యాలయంలో మాత్రం ఏడాదిగా ఆ మాటకు అర్థం మారింది. కంప్యూటరుకు పెన్‌డ్రైవ్ దూర్చే చిన్న కన్నమే మాకు పోర్టు. సంస్థ రహస్యాలన్నీ ఆ రేవు నుంచే సరుకెత్తి సముద్రాలు దాటుతున్నాయని మా పై అధికారులు గట్టిగా నమ్ముతున్నారు. కార్యాలయం పేరు చెప్పడం మర్యాద కాదు కాబట్టి చెప్పను.

ఈ భయం ఉత్తదని ఎవరూ అనుకోకూడదు. 2012 జులైలో, తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరమైన మన ఊళ్లోనే, ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా విడిగా ఉంచిన కంప్యూటర్లలోని ఫైళ్లను పెన్‌డ్రైవుల్లో దాగిన వైరస్ ఏరుకుని, ఆ పెన్‌డ్రైవులను ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరుకు పెట్టగానే చైనా చిరునామాలకు చేరవేసిందని పత్రికలు రాశాయి. తీగ లేనిచోట మనిషి జేబే తీగగా పనిచేసిందన్నమాట. జపాన్‌లోని అమగసాకి నగరంలో 2022లో ఇంకొక ముచ్చట జరిగింది. నగరవాసులు సుమారు 4,60,000 మంది వివరాలున్న పెన్‌డ్రైవును సంచిలో వేసుకున్న ఒక కాంట్రాక్టు ఉద్యోగి, పని ముగిశాక తప్పతాగి రోడ్డు పక్కనే నిద్రపోయి, లేచి చూసేసరికి సంచి లేదు. తరువాత దొరికింది లెండి. ఈలోగా జనానికి ధైర్యం చెప్పబోయిన అధికారులు, దానికి పాస్‌వర్డ్ ఉన్నదనీ, అందులో 13 అక్షరాలు ఉన్నాయనీ విలేకరుల సమావేశంలో తామే ప్రకటించారు. కొంచెం ఓపిక పడితే మొదటి అక్షరం కూడా చెప్పి ఉండేవారేమో.

ఈ చరిత్రనంతా మథించి మా కార్యాలయం పెన్‌డ్రైవులను నిషేధిస్తూ రెండున్నర పేజీల సర్క్యులర్ విడుదల చేసింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం తగిన జాగ్రత్తలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చునన్న వాక్యం కింద ఎర్ర గీత కూడా గీశారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు గనుక, ఈశ్వరుణ్ణి ఇబ్బంది పెట్టకుండా ఆ బాధ్యతను కారే పైపుల కన్నాలు పూడ్చే ఎం-సీల్‌కు అప్పగించారు.

సిస్టమ్స్ చూసే కుర్రవాడు ఒకడు మధ్యలో అడ్డుపడ్డాడు. కంప్యూటరు అమరికలన్నీ రాసి ఉండే విండోస్ రిజిస్ట్రీలో యూఎస్‌బీస్టోర్ అన్నచోట 3 అంకెను 4గా మారిస్తే పెన్‌డ్రైవులు పనిచేయవనీ, మౌసూ కీబోర్డూ మాత్రం మామూలుగా ఉంటాయనీ అన్నాడు. మరీ అవసరమైనవారికి సంస్థే సీరియల్ నంబరు నమోదు చేసిన, పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేని ఎన్‌క్రిప్షన్ ఉన్న పెన్‌డ్రైవులు ఇవ్వవచ్చుననీ, అప్పుడు ఎవరు ఏ ఫైలు ఎక్కించారో లాగ్‌లో కనిపిస్తుందనీ కూడా అన్నాడు. మా పరిపాలనాధికారి, అంటే ఏవో గారు, ఓపికగా విని, "అంకె మార్చినందుకు బిల్లు ఎలా పెడతావు బాబూ? ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవారికి ఏం చూపిస్తావు?" అని అడిగారు. కుర్రవాడి దగ్గర జవాబు లేదు. ఎం-సీల్‌కైతే బిల్లు ఉంటుంది, వేలు పెట్టి చూపించడానికి ముద్ద ఉంటుంది.

ఒక శనివారం మా అటెండరు రెండు రకాల ముద్దలను అరచేతుల మధ్య చపాతీ పిండిలా పిసికి, చిటికెడు చిటికెడు తుంచి, ప్రతి కన్నంలోనూ కూరి బొటనవేలితో అదిమాడు. ఈనాటికీ మా సెక్షన్‌లో ఏ కంప్యూటరు వెనక చూసినా ఆయన వేలిముద్ర స్పష్టంగా కనిపిస్తుంది; సంస్థలో బయోమెట్రిక్ భద్రత సంపూర్ణంగా అమలైన చోటు అదొక్కటే. సోమవారం వచ్చేసరికి మౌసులూ కీబోర్డులూ టేబుళ్ల మీద విడిగా పడి ఉన్నాయి, ఎందుకంటే అవి దూరే కన్నాలు కూడా అవే. మధ్యాహ్నానికి స్క్రూడ్రైవరుతో తొలిచి యంత్రానికి రెండేసి కన్నాలు తెరిచారు. మరునాడే అకౌంట్స్‌లో ఒకాయన మౌసును పీకి, ఆ కన్నంలో పెన్‌డ్రైవు పెట్టి, కీబోర్డు మీటలతోనే ఫైలును కాపీ చేసి, మళ్లీ మౌసును యథాస్థానంలో ఉంచాడు. ఎలుకను తీసి పందికొక్కును పెట్టడమంటే ఇదే. తాను పెన్‌డ్రైవు కోసం కన్నం తెరవలేదనీ, మౌసు కోసం తెరిచిన కన్నాన్ని మౌసు ఖాళీగా ఉన్న సమయంలో వాడుకున్నాననీ ఆయన ఇచ్చిన సంజాయిషీలో ఇప్పటికీ ఎవరికీ లోపం కనబడలేదు.

ఇక మినహాయింపుల సంగతి. సంస్థలో అత్యంత రహస్యమైన సమాచారం ఎవరి దగ్గర ఉంటుందో వారికే నిషేధం నుంచి మినహాయింపు లభించింది; పని ఆగకూడదు కదా. టీ ఖర్చుల రిజిస్టరు రాసే గుమాస్తా కంప్యూటరు కోటలా బిగిసి ఉండగా, అందరి జీతాలు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న కంప్యూటరు కన్నాలు నాలుగూ సముద్రపు గాలికి తెరుచుకుని ఉన్నాయి. పైగా అక్షయ తృతీయనాడు సింహాచలం అప్పన్న చందనం ఒలిపించుకుని నిజరూపంలో దర్శనమిచ్చినట్టు, మా పోర్టులన్నీ ఏడాదికొకసారి మార్చి నెలాఖరున ఎం-సీల్ ఒలిపించుకుంటాయి. ఆడిటర్ గారికి ఫైళ్లు పెన్‌డ్రైవులోనే కావాలి. వారు వెళ్లిపోయాక మళ్లీ పూత వేస్తారు.

ఫోన్ల గురించి సర్క్యులర్‌లో ఒక్క ముక్క లేదు. పెన్‌డ్రైవు కంటే ఎక్కువ ఫైళ్లు పట్టే ఫోను తీగతో కంప్యూటరుకు వేలాడుతూ ఉంటే, దాన్ని ఛార్జింగ్ అంటారు, అది సిబ్బంది సంక్షేమం కిందికి వస్తుంది.

నాకు కూడా ఈమధ్య మినహాయింపు అవసరమైంది. అందుకొక ఫారమ్ ఉంది, మూడు ప్రతులు ఇవ్వాలి. అది ఏవో గారి కంప్యూటరులోనే ఉంటుంది, మా అంతస్తు ప్రింటరుకు టోనరు లేదు. ఏవో గారు తన పెన్‌డ్రైవులో ఫారమ్ ఎక్కించి నా చేతిలో పెట్టి, "జాగ్రత్తండీ, ఇందులో మిగతావి కూడా ఉన్నాయి" అన్నారు. నేను దాన్ని చొక్కా జేబులో వేసుకుని, ఆ జేబు మీద చెయ్యి తియ్యకుండా ద్వారకానగర్‌లో మేమెప్పుడూ వెళ్లే జిరాక్సు షాపుకు వెళ్లాను. అక్కడి కంప్యూటరు తెర మీద ఊళ్లోని సగం మంది ఆధార్ కార్డులు, రెజ్యూమేలు, స్థలాల దస్తావేజులు వరసలు తీరి ఉన్నాయి. కుర్రవాడు నా చేతిలోని పెన్‌డ్రైవు వైపు కూడా చూడలేదు.

"అదెందుకండీ బాబూ, మీ ఆఫీసు ఫారమ్ మా దాంట్లో ఎప్పుడో ఉంది. మూడు కాపీలేగా? ఏవో గారు మొన్న తెచ్చిన జీతాల పట్టీ కూడా ఉంది, తీయమంటారా?"